పాడేరు ఘాట్‌లో తిరగరాసిన షీటు

పదవీ విరమణకు నాలుగేళ్ల ముందు, ఏప్రిల్ మొదట్లో, నన్ను అనకాపల్లికి సైక్లింగ్ కోచ్‌గా వేశారు. నాది రెండో గ్రేడు హోదా. రోడ్ రేసుల జట్టును తయారు చేయడం, ఒక్కొక్కరికీ వారానికో శిక్షణ షీటు రాసివ్వడం నా పని. మా ప్రాక్టీసంతా పూడిమడక వైపు వెళ్లే చదును రోడ్డు మీదే. తెల్లవారేసరికి బయల్దేరి, చెరకు లారీలు రోడ్డెక్కేలోపు తిరిగొచ్చేసేవాళ్లం.

జట్టులో నస్రీన్ అనే పంతొమ్మిదేళ్ల అమ్మాయి ఉండేది. తండ్రి కరీం గారికి ఊళ్లో పరుపులు కుట్టే దుకాణం. రాష్ట్ర జట్టు ఎంపిక రేసు నాలుగు వారాలు ఉందనగా, ఆ అమ్మాయి పది రోజులు సెలవు అడిగింది. పాడేరులో ఉంటున్న అక్కకు పాప పుట్టింది, కాలేజీకి కూడా సెలవులే. నేను కుదరదన్నాను. మర్నాడు కరీం గారే మైదానానికి వచ్చారు.

"అక్కాసెల్లెళ్లు కలిసి ఏడాది దాటిపోనాది సార్. సైకిలు కూడా అట్టుకెళ్తాది. మీరేటి రాసిత్తే అదే సేత్తాది" అన్నారు.

కాదనలేకపోయాను. ఆ వారానికి రాసిన షీటే చేతిలో పెట్టాను. రోజుకు అరవై కిలోమీటర్లు, గంటకు ముప్పైకి తగ్గని వేగం, కేడెన్స్ తొంభై. కేడెన్స్ అంటే పెడల్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందన్న లెక్క. కుడి మోకాలు పైకి లేచినప్పుడల్లా ఒకటి చొప్పున లెక్కపెడతాం.

నాలుగో రోజు ఫోన్ చేసింది. మోకాలి చిప్ప ముందు భాగంలో నొప్పిగా ఉందని, ముప్పై కిలోమీటర్లకే ఒళ్లు తేలిపోతోందని చెప్పింది. మనసు పెట్టి తొక్కడం లేదని, సామాను సర్దుకుని వచ్చేయమని కసిరాను.

"మీరీ రోడ్డు సూడలేదు కదా సార్. ఒకపాలి వచ్చి సూడండి. అప్పుడు వచ్చేయమంటే వచ్చేత్తాను" అంది.

నా సర్వీసులో శిష్యులెవరూ అలా అనలేదు. కోపం వచ్చింది. అయినా మర్నాడు మొదటి బస్సెక్కాను.

ఘాట్ రోడ్డులో ఒక మలుపు దగ్గర దిగి, పిట్టగోడ మీద కూర్చున్నాను. కాసేపటికి నస్రీన్ కింద నుంచి వచ్చింది. సీటు మీద కూర్చోలేక, నిలబడి, ఒళ్లంతా పెడల్ మీద మోపి తొక్కుతోంది. వాచీ చూస్తూ లెక్కపెట్టాను. నలభై రెండు. అంత బరువైన గేరు మీద ఆ పిల్ల నాలుగు రోజులుగా నా షీటులోని దూరం పూర్తి చేయాలని చూస్తోంది. తప్పు నాదని అక్కడే ఒప్పుకున్నాను. ఆమె మంచినీళ్ల సీసా నా చేతికిచ్చింది.

వెనక చక్రానికి పేర్చి ఉండే పళ్ల చక్రాల్లో పెద్దది ఆమె సైకిల్‌కు ఇరవై మూడు పళ్లది. ఆ చక్రానికి పళ్లు ఎంత ఎక్కువుంటే ఎక్కేటప్పుడు పెడల్ అంత తేలిగ్గా తిరుగుతుంది. చదునుకు అది చాలు, ఘాట్‌కు చాలదు. అనకాపల్లిలో మా మెకానిక్ సత్తిబాబుకు ఫోన్ చేశాను.

"ఇరవై ఎనిమిది పళ్ల సెట్టుంది సార్. దానికి సరిపడా పొడుగు చైను కూడా ఏసి, సాయంత్రం బస్సుకి పంపేత్తాను" అన్నాడు.

నస్రీన్‌ను రెండు రోజులు సైకిల్ ముట్టుకోవద్దన్నాను.

"ఎనకబడిపోతాను సార్" అంది, కళ్లలో నీళ్లు తిరుగుతుండగా. మోకాలు పాడైతే ఎంపికే ఉండదని చెప్పాను. ఆ రెండు రోజులూ అక్క బిడ్డను ఎత్తుకుని తిరిగింది. నేను అక్కడే లాడ్జిలో ఉండిపోయి, బస్సులో వచ్చిన సెట్టును ఆమె సైకిల్‌కు బిగించాను.

పాత షీటు వెనకవైపు కొత్తది రాశాను. కిలోమీటర్లు కొట్టేసి నిమిషాలు పెట్టాను. ఎనిమిది నిమిషాల ఎక్కుడు మూడుసార్లు, సీటు మీద కూర్చునే. వేగం చూడక్కర్లేదు, ఊపిరి చూసుకోవాలి: తొక్కుతూ ఒక పూర్తి వాక్యం చెప్పగలిగితే సరైన జోరు. దిగేటప్పుడు బ్రేకు మలుపులోకి వెళ్లకముందే వేయాలి, మలుపులో కాదు. రెండు రోజులు తొక్కితే మూడో రోజు విశ్రాంతి.

"ఇందులో దూరమే లేదు సార్" అంది, అనుమానంగా చూసి. అక్కర్లేదన్నాను.

మూడో రోజు ఉదయం అదే మలుపు దగ్గర నిలబడ్డాను. ఈసారి సీటు మీద కుదురుగా కూర్చుని వచ్చింది. లెక్కపెడితే అరవై ఎనిమిది. ఏదైనా వాక్యం చెప్పమని కేకేశాను.

"అక్క మీకు కూడా వంట సేసింది సార్, తినకుండా బస్సెక్కీకండి" అంటూ ఆగకుండా మలుపు తిరిగిపోయింది.

ఆ పూట వాళ్లింట్లో తృప్తిగా భోంచేసి అనకాపల్లి బస్సెక్కాను.

ఎంపిక రేసు చదునైన హైవే మీద జరిగింది. ఆరుగురిని తీసుకుంటే నస్రీన్ అయిదో స్థానంలో వచ్చింది. కొండ ఎక్కినందువల్లే వచ్చిందని నేను రుజువు చేయలేను. మోకాలు నిలబడిందని మాత్రం చెప్పగలను.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా, నేను కళ్లతో చూడని రోడ్డుకు కిలోమీటర్లు రాయలేదు. ఎవరైనా సెలవు మీద ఊరెళ్తామంటే, అక్కడ రోడ్డు ఎలా ఉంటుందో వాళ్లనే చెప్పమని, విన్నాకే కలం తీసేవాణ్ణి.