తెల్ల పట్టీ మీద దిష్టి చుక్క

మొన్న ఆదివారం మా పక్క ఫ్లాట్ అమ్మాయి, ఏదో కంప్యూటర్ కంపెనీలో పనిచేసే బందరు పిల్ల, చేతిలో బుట్టతో వచ్చి, సాయంత్రం దాకా దీన్ని కాస్త చూస్తుంటారా అండీ అంటూ మూత తీసింది. లోపల నల్లటి కుందేలు, భుజాల చుట్టూ తెల్ల పట్టీ. ఆ అమ్మాయి దాని పేరేమిటో, అది ఏం తింటుందో చెబుతూనే ఉంది గానీ నాకు ఒక్క ముక్క వినబడితే ఒట్టు. నా చెయ్యి అప్పటికే దాని మూపు మీద నుంచి తుంటి దాకా ఒకసారి వెళ్ళి వచ్చింది. తుంటి గుండ్రంగా, నిండుగా ఉంది. పట్టీ మాత్రం ఎడమవైపు వంకర పోయింది. యాభై ఏళ్ళయినా చెయ్యి మరిచిపోలేదన్న సంబరంలో ఆ మాట పైకే అనేశాను. పాపం, ఆ పిల్ల మొహం చిన్నబోయింది.

నా ఈడు వాళ్ళకు మాదాపూర్ అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. ఇప్పుడు నేను కూర్చుని ఈ నాలుగు ముక్కలు రాస్తున్న తొమ్మిదో అంతస్తు అప్పట్లో ఉత్త గాలి, కింద గుండ్లు, అంటే పెద్ద పెద్ద బండరాళ్ళు, సీతాఫలం పొదలు, వానాకాలం జొన్నచేలు. మా ఇల్లు ఊరి చివర ఒక ఏనుగంత గుండును ఆనుకుని ఉండేది. డెబ్బైల మొదట్లో ఊరి బడి చదువు అయిపోగానే, ఇక చాలని నన్ను ఇంట్లో కూర్చోబెట్టారు. కూర్చోవడం నాకు చేతనయ్యే పని కాదని మా నాయనకు తర్వాత తెలిసింది లెండి.

మా మేనమామ మూసాపేట దగ్గర ఒక మందుల కార్ఖానాలో కుందేళ్ళకు మేత వేసే పని చేసేవాడు. అక్కడ సూదిమందులు ముందు కుందేళ్ళకే పొడిచి చూసేవారట. వాళ్ళకు తెల్లవే కావాలి, మచ్చలతో పుడితే పనికిరావని పారేసేవారు. అట్లా పారేయబోయిన నలుపూ తెలుపూ కలిసిన ఆడ కుందేలుపిల్లను ఒకదాన్ని మామ తువ్వాలులో చుట్టి నాకు తెచ్చి ఇచ్చాడు. కొన్నాళ్ళకు పాతబస్తీ పిట్టల బజారు నుంచి మగదాన్ని కూడా తెచ్చాడు. చాయ్‌పత్తి పెట్టెలకు ఇనుప జాలి కొట్టి, గుండు నీడలో ఎత్తుగా గూళ్ళు కట్టుకున్నాం. ఎండాకాలం తడి గోనెపట్టాలు కప్పేదాన్ని.

ముచ్చటగా పెంచుకుంటే సరిపోయేది, కానీ మామ ఒకసారి పట్నంలో పెంపుడు జంతువుల పోటీ జరుగుతుందనీ, అందులో కుందేలుకు భుజాల చుట్టూ పట్టీ గీత గీసినట్టు తిన్నగా ఉండాలనీ, నుదుట తెల్ల నామం, వెనక కాళ్ళకు తెల్ల మేజోళ్ళు ఉండాలనీ చెప్పి వెళ్ళాడు. ఇక నాకు నిద్ర పడితే కదా! పుట్టిన పిల్లలకు బొచ్చు ఉండదు, కానీ నలుపు ఎక్కడ, తెలుపు ఎక్కడ అన్నది ఆ లేత చర్మం మీదే తెలిసిపోతుంది. తల్లి తన పొట్ట బొచ్చు పీకి పరిచిన పక్కలో, నా వాసన అంటకుండా చేతులకు గరిక నలిపి రాసుకుని, ఒక్కొక్కదాన్నీ తిప్పి చూసేదాన్ని. ఒకదానికి పట్టీ సగంలో తెగేది, ఇంకొకదానికి మేజోడు మోకాలి దాకా పాకేది. కుదరనివాటిని ఊళ్ళో పిల్లలకు ఇచ్చేసి మళ్ళీ మొదలుపెట్టేదాన్ని. తీరా పట్టీ తిన్నగా కుదిరిన ఒక ఈతలో పిల్లలన్నీ అడవి చెవులపిల్లుల్లా సన్నగా, పొడుగ్గా తయారయ్యాయి. పోటీలో గుర్తులు ఎంత ముఖ్యమో ఒళ్ళూ అంతే ముఖ్యం, పొట్టిగా, బిగువుగా, అరచేతి కింద గుండ్రంగా ఒదగాలి. గుర్తుల వెంట పడి నేను ఒళ్ళు మరిచాను. పట్టీ కుదిరిన ఆ ఈతలోని ఆడదాన్ని, మచ్చ చెడినా ఒళ్ళు దిట్టంగా ఉన్న మగదాని గూట్లోకి వదిలాను. దాని పిల్లల్లోంచి ఏరి మళ్ళీ జత కట్టించాను. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్న సామెత నా గురించే పుట్టిందని నాయన వెక్కిరించేవాడు.

ఇంట్లో అందరికంటే ఎక్కువ గొణిగేది మా నాయనమ్మ. నా కుందేలు ఒకటి తప్పించుకుపోయి ఆమె తులసికోటలో మొక్కను మొదలంటా కొరికేసిన నాటి నుంచి మా మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. పాలియ్యవు, గుడ్డు పెట్టవు, ఏం జేసుకుంటవే వీటిని అని రోజూ పొద్దున్నే ఒక పాట. నాయన కూడా ఆ మాటే పట్టుకున్నాడు. చివరికి, పోటీలో ఎవరైనా పెద్దమనిషి వీటికి విలువ ఉందని అంటే ఉండనిస్తా, లేకపోతే అన్నింటినీ మీ మామ వెంట కార్ఖానాకు పంపిస్తా అని తేల్చేశాడు. కార్ఖానా అంటే సూదులే, తెల్లవాటికి కరువొచ్చి ఆ ఏడు మచ్చలవీ తీసుకుంటున్నారట. నాయన మాట అంటే మాటే, నాకు తెలుసు.

అప్పటికి నా దగ్గర దొరసాని ఉంది. నల్లని మెరుపు, భుజాల చుట్టూ తిరిగిన పట్టీ ఎక్కడా ఇసుమంత వంకర లేదు, తెల్ల మేజోళ్ళు వేసుకుని నడిచే ఆ ఠీవి చూసే ఆ పేరు పెట్టాను. ఒళ్ళు సంగతి చెప్పనే అక్కర్లేదు. పోటీ నాడు పొద్దున దాన్ని మెత్తటి బట్టతో తుడిచి, వెదురుబుట్టలో పెట్టి, నేను తల దువ్వుకుని వచ్చేసరికి నాయన మూత కట్టి బండి ఎక్కించాడు. మూసాపేట దాకా ఎడ్లబండి, అక్కడి నుంచి బస్సు. బుట్ట ఒళ్ళో పెట్టుకుని దారిపొడవునా ఉన్న దేవుళ్ళందరికీ మొక్కుకుంటూ పోయాను.

పోటీలో తీర్పరి, పటాలంలో పశువుల డాక్టరుగా చేసి వచ్చినాయన. బల్ల మీద బుట్ట మూత తీశాను, నా పై ప్రాణాలు పైనే పోయాయి. దొరసాని నుదుట, ఆ పాలలాంటి నామం నడుమ, వేలిముద్రంత నల్ల చుక్క! నాయనమ్మ కాటుక. ఆముదంతో పట్టిన కాటుక అది, తుడిచేకొద్దీ ఇంకా పాకుతుంది. నేను కొంగుతో రుద్దాను, నామమంతా బూడిద రంగుకు తిరిగింది. తీర్పరి తన తెల్ల రుమాలుతో ఒకసారి అద్ది చూసుకుని, రంగు పూసిన జంతువును పోటీలో ఉంచం అన్నాడు. పట్టీ కూడా పూసిందే కాబోలని పక్కనున్నవాళ్ళు నవ్వారు. మా నాయన అప్పటిదాకా బల్లకు దూరంగా, ఈ తమాషా తనది కానట్టు నిలబడ్డవాడు, ఒక్క అంగలో ముందుకు వచ్చాడు.

"రంగు గాదు సారూ, దిష్టి చుక్క. మా అవ్వ పెట్టింది. నా బిడ్డ దొంగతనం జేసేది గాదు."

తీర్పరి మంచివాడే, కానీ నియమం నియమం కదా. దొరసాని వీపు మీద చెయ్యి వేసి, ఒళ్ళు ఎట్లా ఉండాలో అట్లాగే ఉంది అని మెల్లగా అన్నాడు. నాకది వినిపించుకునే స్థితి లేదు. మూసాపేటలో బస్సు దిగేసరికి మామ ఎదురు చూస్తున్నాడు, కుందేళ్ళను ఎప్పుడొచ్చి తోలుకుపోవాలో అడగడానికి. నేను బుట్టను గట్టిగా కరుచుకుని నిలబడ్డాను.

"ఇయ్య," అన్నాడు నాయన. "ఒక్కటి గుడ ఇయ్య. వచ్చే ఏడు మళ్ళ పోతం. దీన్నే తీస్కపోయి అదే బల్ల మీద వెడ్త. దొంగలమో దొరలమో జూస్తరు."

ఇంటికి రాగానే నాయనమ్మ మీద విరుచుకుపడదామని దారిలోనే మాటలు కూర్చుకున్నాను. ఆమె అరుగు మీద కూర్చుని ఉంది, విషయం విని నోరు నొక్కుకుంది. నన్ను చూడకుండా, బుట్టలోకి చూస్తూ, "గంత ముద్దుగున్నదాయె బిడ్డా. పట్నంల అందరి కండ్లు పడ్తయని పెట్టిన" అంది. అన్నాళ్ళు నా కుందేళ్ళను చీదరించుకున్న మనిషి అన్న మాట అది. నేను కూర్చుకున్న మాటలన్నీ ఎక్కడికి పోయాయో. ఆమె ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చాను, ఆమె కాటుక చేత్తోనే నా కళ్ళు తుడిచింది.

ఆ ఏడాది నాయన తానే గట్ల మీద గడ్డి కోసుకొచ్చాడు. దొరసాని కూతురు తల్లికంటే తిన్నని పట్టీతో ఎదిగింది, దాన్ని తీసుకుపొమ్మని మామ సలహా. నాయన ససేమిరా అన్నాడు, మాట పడ్డది దొరసాని కాబట్టి పోవాల్సిందీ అదేనన్నాడు. బయల్దేరే పొద్దున నాయనమ్మ కాటుక కాయ పట్టుకుని వస్తుంటే నేను బుట్టకు అడ్డం నిలబడ్డాను. ఆమె నన్ను దగ్గరకు లాక్కుని, చుక్క నా బుగ్గ మీద పెట్టింది, ఇంత లావున. పడే కళ్ళేవో నీ మీద పడనీ అంది. పెళ్ళీడు పిల్లను, ఆ బుగ్గతోనే పట్నం పోయాను.

తీర్పరి నన్ను గుర్తుపట్టి, నా బుగ్గ చూసి, నవ్వు ఆపుకున్నాడు. రుమాలు తీసి దొరసాని నామాన్నీ పట్టీనీ రుద్ది, అందరికీ కనబడేట్టు పైకెత్తాడు. రుమాలు తెల్లగానే ఉంది. వయసు మీద పడ్డందువల్ల దొరసానికి రెండో బహుమతే వచ్చింది గానీ, ఆ రుమాలు లేచినప్పుడు మా నాయన మొహం చూడాలి మీరు! ఇచ్చిన నీలం రిబ్బను ఆయనే గూటికి కట్టాడు, అది ఎండకు వెలిసి దారాలయ్యేదాకా విప్పనివ్వలేదు. గూళ్ళు నా పెళ్ళయ్యేదాకా అక్కడే ఉన్నాయి.

ఇప్పుడు ఆ గుండూ లేదు, పేల్చి తీసేసి అద్దాల మేడ కట్టారు. నాయనమ్మ పోయి ఎన్నేళ్ళయిందో. సాయంత్రం పక్కింటి అమ్మాయి వచ్చి, తన కుందేలు ఫోటోను పొద్దుటి నుంచి ఎన్ని వేలమంది చూశారో ఫోనులో మురిపెంగా చూపించింది. అన్ని కళ్ళే! చూసేవాళ్ళు ఇంతమంది ఉన్నారు, చూపు తగులుతుందేమోనని బెంగపడే మనిషి ఒక్కరూ లేరు కదా అనిపించింది. మా ఇంట్లో వెతికితే కాటుక కాయ లేదు. ఆ అమ్మాయి తన సంచీలోంచి కళ్ళకు పెట్టుకునే నల్ల పెన్సిల్ తీసి, ఎందుకు ఆంటీ అని అడుగుతూ ఇచ్చింది.

ఆమెను బుగ్గ ఇటు తిప్పమన్నాను. పొద్దున నేను పట్టీ వంకర అన్న కుందేలు ఆమె చేతుల్లోనే ఉంది.