ఉప్పళం తిన్నె మీద ఎముకల పాఠం

పుదుచ్చేరి వైద్యపాఠశాలలో నాకు చోటు దొరికినప్పుడు మా నాయన ఒకే మాట అన్నాడు. "మొదటేడు నోటి పరీక్ష దాటితే సదువుకో. తప్పితే వచ్చి మడక పట్టు." మాది బాహూరు వైపు సేద్యం చేసుకునే తెలుగు కుటుంబం. మడక దున్నడమంటే నాకు భయం లేదు, నోటి పరీక్ష అంటేనే. కాగితం మీద ఏదైనా రాసేవాణ్ణి గాని, నలుగురి ముందు నిలబెడితే నాలుక పిడచకట్టుకుపోయేది. అలాంటివాణ్ణి దొరల ముందు నిలబడి, ఒంట్లోని ఎముకలన్నీ ఫ్రెంచిలో వరసగా చెప్పాలి. ఆ భయాన్ని మూటగట్టుకుని, గది వెతుక్కోవడానికి ఊళ్లోకి వచ్చాను.

నా కన్ను మొదటినుంచీ కాలవ పక్క వీధి మీదే. కాలవకు అవతల దొరల ఇళ్లు, ఇవతల మనవాళ్ల ఇళ్లు. అక్కడుంటే పాఠశాల నాలుగడుగులు. సర్కారు కచేరీ గుమాస్తా ఒకాయన మేడగది ఇస్తానన్నాడు. కిటికీలోంచి అవతలి ఒడ్డు తెల్ల గోడలు కనబడేవి. ఒక్కటే షరతు, ఇంట్లో గట్టిగా చదవకూడదు. మర్యాదస్తులు పెదవులు కదపకుండా చదువుతారట. నాకేమో గొంతెత్తి అరవకపోతే ఒక్క ముక్క ఎక్కదు. అయినా కిటికీ మోజులో సరేనన్నాను. దూరపు కొండలు నునుపు అని ఊరికే అన్నారా! పది రోజులు నోరు మూసుకుని చదివాను. పదకొండో రోజు తరగతిలో లేపి భుజం ఎముకలు అడిగితే, గొంతులోంచి గాలి కూడా రాలేదు.

ఆ సాయంత్రం పుస్తకం పట్టుకుని, అరిచి చదువుకునే చోటు వెతుక్కుంటూ దక్షిణంగా నడిచాను. ఉప్పళం చేరేసరికి వాన పట్టుకుంది. ఒక పెంకుటింటి తిన్నె ఎక్కాను. అక్కడ ప్రతి ఇంటికీ వీధివైపు తిన్నె ఉంటుంది, దారిన పోయేవాడు ఎవడైనా కూర్చోవచ్చు. వాన ఎంతకీ తగ్గలేదు. పుస్తకం తెరిచి, చెప్పే ప్రతి ఎముకనూ నా ఒంటి మీదే తడిమి చూసుకుంటూ మొదలుపెట్టాను. తలుపు తెరుచుకుని ఒక ముసలావిడ వచ్చింది. తిడుతుందనుకున్నాను. ఆమె తిన్నె రెండో చివర కూర్చుని మునగాకు దూసుకోసాగింది. మధ్యలో ఒక పేరు తట్టక, "థూ, మళ్లీ మరిసిపోతి" అని నన్ను నేనే తిట్టుకున్నాను.

ఆమె తలెత్తింది. "తెలుగోడివా? యాడ నుంచి వస్తివి నాయనా?"

అంతే. తంతే గారెల బుట్టలో పడ్డాను. ఆమె భర్తా కొడుకూ నూలుమిల్లులో పనిచేసేవారు. ఆమె కూడా వయసులో ఉండగా అక్కడే నూలు చుట్టిందట. వెనక వసారాలో మంచం పట్టేంత గది ఖాళీగా ఉంది. మూడో రోజుకల్లా నా పెట్టె అందులో చేరింది.

ఆ వీధి గురించి ఎంత చెప్పినా తనివి తీరదు. తెల్లవారకముందే మిల్లు కూత కూసేది, దాన్ని వాళ్లు సంగు అనేవారు. దానితోపాటే వీధంతా లేచేది, నేనూ లేచి తిన్నె మీద అరిచేవాణ్ణి. ఒక్కరూ విసుక్కోలేదు. తిన్నెల మీద పెద్దలు కూర్చుని ఉంటారు కాబట్టి వాళ్ల ముందు బూట్లు టకటకలాడించుకుంటూ పోకూడదు. చేత పట్టుకుని నడిచి, కాలవ వంతెన దగ్గర తొడుక్కునేవాణ్ణి. "బూట్లు నిన్ను మోస్తాయా, నువ్వు బూట్లను మోస్తావా?" అని అందరూ ఏడిపించేవారు.

అన్నిటికన్నా నేను ఆరాధించింది ఆ అవ్వ చెవిని. ఆమెకు తెలుగు అక్షరమే రాదు, ఇక ఫ్రెంచి మాట చెప్పేదేముంది! అయినా నెల తిరక్కుండానే నా పాఠం పట్టేసింది. ఒకరోజు చేయెత్తి ఆపింది.

"ఈడ ఒకటి ఎగిరిపాయ."

"లేదవ్వా, అన్నీ చెప్పినా."

"నిన్న ఉండె. పుస్తకం జూడు."

చూశాను. నిజంగానే ఒక ఎముక వదిలేశాను. నోరెళ్లబెట్టి, "నీకెట్ట తెలిసె?" అన్నాను.

"మిల్లులో అంత మోతలో పోగు తెగేది కంటికి యాడ కనబడతాది? సప్పుడు మారతాది. నీదీ అంతే."

నా పంతుళ్లలో ఇంత శ్రద్ధగా నన్ను విన్నవాడు ఒక్కడూ లేడు. ఆమె ముందు తప్పు చెప్పడానికి నాకు సిగ్గేయలేదు. అలా రోజూ ఒక మనిషి ముందు నోరు తెరవడం అలవాటైంది.

పరీక్ష రోజు ముగ్గురు దొరలు కూర్చున్నారు. భుజం దాటాను, మోచేయి దాటాను. మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలు. నాలుగు చెప్పి ఆగిపోయాను. మడక కళ్ల ముందు కనబడింది. తిన్నె మీద కూడా ఇక్కడే తడబడేవాణ్ణి, ఆగినప్పుడల్లా అవ్వ "మొదట్నుంచి పట్టు" అనేది. ఎడమ మణికట్టు గట్టిగా పట్టుకుని, తిన్నె మీద అరిచినట్టే మొదటినుంచి అందుకున్నాను. ఎనిమిదీ వచ్చాయి. మీ ఇంట్లో ఎవరికైనా చెవుడా అని నడిమి దొర మెల్లగా అడిగాడు. లేదండీ, చాలా బాగా వినబడుతుందన్నాను. గట్టెక్కాను.

వంతెన మీద గుమాస్తాగారు ఎదురయ్యాడు. కబురు అప్పటికే ఆయనకు చేరింది. మేడగది ఖాళీగా ఉందనీ, ఇకమీదట ఎంత గట్టిగా చదివినా పరవాలేదనీ అన్నాడు. ఆ కిటికీ మళ్లీ కళ్లలో మెదిలింది. అబద్ధమెందుకు, ఆశపడ్డాను. రేపు చెబుతానన్నాను.

అవ్వ తిన్నె మీదే ఉంది. నేను బూట్లు విప్పడం మరిచిపోయాను, ఆమె పట్టించుకోలేదు. గెలిచావా అని కూడా అడగలేదు.

"యాడన్నా ఆగితివా?"

"ఒక్క చోట అవ్వా."

ఆమె మునగాకు పక్కన పెట్టి, తన ఎడమ మణికట్టును కుడిచేత్తో పట్టుకుంది. "ఈడనే గదా?"

తలూపాను. వంగి బూట్లు విప్పుకుని ఆమె పక్కన కూర్చున్నాను. గుమాస్తాగారికి రేపు చెప్పాల్సిన మాట తేలిపోయింది.