నిలువెత్తు బెల్లానికి నా అభ్యంతరాలు

నా బరువుకు సరిగ్గా తూగే బెల్లాన్ని మేడారం గద్దెల దగ్గర సమర్పిస్తానని నా భార్య మొక్కుకున్న సంగతి నాకు ఇంట్లో తెలియలేదు, బెల్లం దుకాణంలో తెలిసింది. చాయపత్తి కోసం వెళ్తే సేటు నన్ను కింది నుంచి పైదాకా చూశాడు.

"కాకా, నువ్వు అరవై కిలోలుంటవా? చిన్నమ్మ నీ మందం బంగారం పక్కకు పెట్టుమన్నది. అంచనా జెప్తే దింపిస్త."

సమ్మక్క సారలమ్మలకు ఇచ్చే బెల్లాన్ని మా దగ్గర బంగారమనే అంటారు. జాతర ముందు వరంగల్‌లో బెల్లం దుకాణాల ఎదుట పెద్ద కాంటాలు వేలాడతాయి. ఒక పళ్లెంలో మనిషి కూర్చుంటాడు, రెండో పళ్లెంలో బెల్లం పేరుస్తారు. పిల్లలు పుట్టినవాళ్లు, నౌకరీ వచ్చినవాళ్లు, జబ్బు తగ్గినవాళ్లు తూగుతారు. నాకు ఈ మూడింటిలో ఒక్కటీ జరగలేదు.

పైగా నన్ను పట్టుకుని అంచనా చెప్పమంటాడా! ముప్పై ఎనిమిదేళ్లు మార్కెట్ యార్డులో దడ్వాయిగా రైతుల మిర్చి, పత్తి, మక్కలు కాంటా పెట్టిన మనిషిని. మా పనిలో అంచనా అన్నది తిట్టు కింద లెక్క. బడిలో నా చదువు మూడో తరగతితోనే ఆగింది. ఆ తర్వాతదంతా బస్తాల మీది అచ్చుల్లోనూ, పల్లీలు కట్టిచ్చిన కాగితాల్లోనూ, చేతికి దొరికిన ప్రతి పేపర్లోనూ చదువుకున్నాను. ఆ పేపర్లలోనే ఈ మధ్య రిటైరైనవాళ్లు సంతోషంగా ఎలా ఉండాలో రాస్తున్నారు. పొద్దున్నే నడవాలట, మొక్కలు పెంచాలట, ధ్యానం చేయాలట, నలుగురితో కలవాలట. రాసినవాళ్ల ఫొటోలు చూస్తే ఒక్కరికైనా తల నెరవలేదు. పెళ్లి కానివాడు కాపురం గురించి చెప్పినట్టుంది.

చూపు మసకబారి నేను యార్డు మానేసి నాలుగేళ్లయింది. మానేసిన కొత్తలో నేనేం చేశానో దాచను. చేతులు ఊరుకోలేదు. ఇంట్లోకి వచ్చిన ప్రతిదాన్నీ ఎత్తి బరువు చెప్పాను. టమాటలు కిలోకు వంద గ్రాములు తక్కువున్నాయని కూరగాయల బండి ఆమెతో వాకిట్లో కొట్లాడాను. తూచి చూస్తే నిజంగానే తక్కువున్నాయి, అది వేరే సంగతి. ఆమె మా గల్లీకి రావడం మానేసింది. ఆమెతో రోజూ ఓ అరగంట ముచ్చట పెట్టడం నా భార్యకు అలవాటని నాకు తర్వాత తెలిసింది. గ్యాస్ బండ తెచ్చే ఆయనైతే బండను గేటు బయటే దించి, నేను చెప్పులేసుకునే లోపు మాయమయ్యేవాడు.

దుకాణం నుంచి ఇంటికి వచ్చి నా భార్యను నిలదీశాను.

"నా పేరు మీద మొక్కినవట. నా మోకాళ్ల కోసమా, షుగర్ కోసమా?"

"మొక్కింది అడగొద్దు. రెండేళ్ల కింద, పోయిన జాతరకు మొక్కిన, తీరింది. నువ్వు తూగేదాంక నేను ఒక్కపొద్దే ఉంట."

నా ప్రాణం కోసమే అనుకున్నాను. ఏ మగవాడైనా అలాగే అనుకుంటాడు. నాలుగు గంటలకు ఛాతీ విరుచుకుని అరుగు దగ్గరికి వెళ్లాను.

అరుగంటే మా గల్లీ చివర మూతపడ్డ సైకిల్ దుకాణం ముందరిది. ఏడాదిన్నరగా రోజూ నాలుగు నుంచి ఆరు దాకా అక్కడ నాకొక తోడుంది. డోర్నకల్‌లో రైల్వే గార్డుగా చేసి రిటైరైన మనిషి. స్టేషన్లో సామాన్లు తూచే కాంటా ఎన్నడూ తప్పదని అతను, తప్పకుండా తప్పుతుందని నేను. పరిచయమైన మొదటి రోజు మొదలైన ఆ తగాదా ఇంకా తెగలేదు. ఇద్దరిలో పెద్ద ఎవరన్నదీ తేలలేదు కాబట్టి ఒకరినొకరం తమ్మీ అనే పిలుచుకుంటాం.

"తమ్మీ, మా ఇంటామె నా ఆయుష్షు కోసం నిలువెత్తు బంగారం మొక్కింది. మీ ఇంటామె నీకోసం ఎన్నడన్న కొబ్బరికాయ కొట్టిందా?"

అతను పుట్నాలు నమలడం ఆపి నవ్వాడు.

"ఆయుష్షు కోసమని నీకెవలు జెప్పిండ్రు తమ్మీ? నువ్వు రోజుకు రెండు గంటలు ఇల్లిడిచి పోవాలని మొక్కింది. మా ఇంటామెతోని ఎప్పుడో చెప్పింది. గల్లీ గల్లీకంత ఎరుకే. నువ్వే ఆఖరు స్టేషన్."

ఆ మాటకు నేను అరుగు దిగి ఇంటికి వచ్చేశాను. నేను తూగనని ఖరాఖండిగా చెప్పేశాను. అంతటితో ఆగలేదు. నేను ఇల్లు కదలకపోతే మొక్కు తీరినట్టే కాదు కదా! తీరని మొక్కుకు బెల్లమెందుకు? కాబట్టి ఇంట్లోనే కూర్చున్నాను.

మొదటి రోజు ఆమె ఒక్క పూటే తిన్నది. రెండో రోజూ అంతే. నేను మాత్రం రెండు పూటలా తిన్నాను గానీ రుచి తెలియలేదు. మాట్లాడే మనిషి లేక గుమ్మడికాయను ఎత్తి చూసి, "మూడుంబావు" అన్నాను. ఆమె కొంగు తల మీద కప్పుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

మూడో రోజు నాలుగు గంటలకు గేటు దగ్గర గార్డు గొంతు వినిపించింది.

"తమ్మీ, ఉన్నవా పోయినవా?"

"ఉన్న. నీ మొఖం జూడ!"

"జూడకు. నిన్న ఒక ఇంజినీర్ కలిసిండు. కాంటా ముచ్చట్ల నువ్వు చెప్పేదంత తప్పే అన్నడు. గది చెప్పి పోదామని వచ్చిన."

లేచి చెప్పుల్లో కాలు పెట్టాను. నా భార్య వంటింటి గడపలోంచి చూస్తున్నది. కాలు వెనక్కి తీసుకుని కూర్చున్నాను. అతను వెళ్లిపోయాడు.

ఆమె చాయ తెచ్చి పెట్టింది.

"మొక్కు తీరలేదని సాబితు చేస్తానవా?" అన్నది.

"అవ్. మొగడు ఇంట్ల ఉండొద్దని మొక్కుకుంటరా ఎవలన్న?"

"ఉండొద్దని కాదయ్యా. యార్డుల నువ్వు పొద్దుందాక వెయ్యి మందితోని మాట్లాడుతుంటివి. మానేసినంక ఆ వెయ్యి మంది మాటలు నా ఒక్కదాని మీదనే పడ్డయ్. నా దగ్గర అన్ని జవాబులు లేవు. నేను గూడ ముసల్దాన్నైన. రోజుకు రెండు గంటలు కొట్లాడనీకె ఈ మనిషికి ఇంకొకన్ని దొరికియ్యి తల్లీ అని మొక్కిన. దొరికిండు. తప్పా?"

చాయ తాగి గ్లాసు కింద పెట్టాను.

"రేపు తూగుత. అంచనా మీద మాత్రం కాదు" అన్నాను.

మర్నాడు మూడు గంటలకు దుకాణం ముందు నిలబడ్డాం. గార్డును ఎవరూ పిలవలేదు. అయినా వచ్చాడు. నేను ముందు ఖాళీ పళ్లేలు చూపించమన్నాను. ఎడమది వేలెడు కిందికి ఉంది. తాళ్లు విప్పించి మళ్లీ కట్టించాను. చెప్పులు, కళ్లద్దాలు, సెల్‌ఫోన్ తీసి పక్కన పెట్టాను.

"అంగీ గూడ ఇప్పు" అన్నాడు గార్డు. "అమ్మవారికి నీ బరువు మొక్కిండ్రు గని నీ అంగీది కాదు."

"అంగీతోని తూగితే బెల్లం ఎక్కువ పడ్తది. దేవతకు ఎక్కువ పోతే నీకేం నొప్పి?"

"లెక్క లెక్కే అంటివి గదా తమ్మీ?"

"కాకా, నా గిరాకీ పోతాంది, జర ఎక్కరాదే" అని సేటు చేతులు జోడించాడు.

అంగీతోనే ఎక్కాను. ఎదుటి పళ్లెంలో ముద్ద మీద ముద్ద పడింది. జీవితమంతా కాంటాకు ఇవతల నిలబడ్డవాణ్ణి, పళ్లెంలో కూర్చుని కూడా ఒక్కో ముద్దా లెక్కపెట్టాను. పళ్లేలు సమమయ్యాయి. ముల్లు నిలబడింది.

"సరి!" అని అరిచాను. యార్డులో అరిచినట్టే.

నా భార్య సేటు దగ్గర్నుంచి ఇంకో ముద్ద తీసుకుని బెల్లం మీద పెట్టింది. నా పళ్లెం గాలిలోకి లేచింది.

"ఎక్కువైంది, తియ్యి! మొక్కింది సరిపోయింది గదా!"

"మొక్కింది రెండు గంటలే. ఈ మూడొద్దులు జూసినంక మూడు గంటలు అడుగుతాన. ఈ ముద్ద ఆ మూడో గంటకు."

"మూడు గంటలా?" గార్డు అదిరిపడ్డాడు. "చెల్లే, నన్నొక మాట అడిగినవా? ఈ మనిషిని మూడు గంటలు నేనెట్ల భరించాలె?"

"నువ్వు భరించుడేందిరా, భరించేది నేను!" అన్నాను. అప్పటికి నా కాళ్లు నేలకు జానెడు పైన ఊగుతున్నాయి. దించమని సేటుకు చెప్పడం మరిచిపోయి, ఆ ఇంజినీర్ ఎవడో, వాడు కాంటా గురించి ఏమేం కూశాడో మొదటి నుంచి చెప్పమని అక్కడి నుంచే అడగడం మొదలుపెట్టాను.