మాల తీసిన రోజు

మొన్న ఆడికృత్తిక పండగకు తిరుత్తణి కొండకు పోదామని తిరువళ్ళూరు స్టేషన్లో బండి కోసం నిలబడి ఉన్నాను. ప్లాట్‌ఫారం నిండా పసుపు బట్టలవాళ్ళూ, పూల కావళ్ళూ. బంతిపూల ఘాటుకు నాకు ఒకటే తుమ్ములు. ఇంతలో అరవైకి దగ్గరపడ్డ ఒకాయన, మెడలో మాల లేదు, భుజాన కావడీ లేదు, జనాన్ని తప్పించుకుంటూ నేరుగా వచ్చి, మాటా మంతీ లేకుండా నా ముందు నుదురు వంచి నిలబడ్డాడు. పక్కనున్నవాళ్ళు నన్నేదో మహాభక్తురాలు అనుకుని ఉంటారు, ఒకావిడ భయభక్తులతో తలమీద కొంగు కూడా కప్పుకుంది. ఆయన అలా ఎందుకు నిలబడ్డాడో చెప్పాలంటే ముందు మా మేనత్త సంగతి చెప్పాలి.

కొండకు వచ్చే యాత్రికుల కోసం మా నేతవాళ్ళు ఎప్పుడో కట్టించిన సత్రం ఒకటి తిరుత్తణిలో ఉండేది. ఊళ్ళో లాడ్జీలు వచ్చాక దిగేవాళ్ళు లేక, అందులో బల్లులు కాపురం పెట్టాయి. మామ పోయాక అత్త ఆ సత్రం తాళాలు అడిగింది. పాపం ఊడ్చి దీపం పెట్టుకుంటుంది కాబోలని సంఘం పెద్దలు ఇచ్చేశారు. నెల తిరక్కుండానే బస్టాండులోనూ రైల్వే గోడవారనూ పడుకునే కుటుంబాలు ఆ గదుల్లో పొయ్యి రాజేసుకున్నాయి. పెద్దలు కోపంగా వచ్చారు. అత్త వాళ్ళకు ఇడ్లీలు పెట్టింది, కారప్పొడిలో నెయ్యి కూడా వేసింది, తాళాలు మాత్రం ఇవ్వలేదు. నేను సాయంత్రం బడి వదిలాక వెళ్ళి అక్కడి పిల్లలకు పాఠాలు చెప్పేదాన్ని.

ఇలాంటి చోట్ల మామూలుగా ఆడవాళ్ళనూ పిల్లలనూ తీసుకుంటారు, తాగే మొగుణ్ణి గేటు దగ్గరే ఆపేస్తారు. అత్త అతన్నీ రానిచ్చేది. ఎందుకని అడిగితే, "మొగుణ్ణి బైట నిలబెడితే ఆ యమ్మ మనసు గేటుకాడనే ఉంటాది, ఇంట్లో యాడుంటాది?" అనేది. అలాగని ఊరికే కాదు. ముందు ఆసుపత్రిలో ఉండి చేతుల వణుకు తగ్గించుకుని రావాలి. వారానికి రెండుసార్లు వచ్చే ఆసుపత్రి నర్సమ్మ దగ్గర కూర్చుని మనసులో ఉన్నది చెప్పుకోవాలి. రోజూ సాయంత్రం దీపం పెట్టగానే అత్త చేత విభూది పెట్టించుకోవాలి. ఆ విభూదిలో భక్తి పావలా అయితే పోలీసు బుద్ధి ముప్పావలా. నుదుట రాసే నెపంతో దగ్గరకు వంగి నోటి వాసన చూసేది. తాగి దొరికినవాడి మీద కేకలు ఉండేవి కావు. ఆ రోజుకు వాడి చాప వరండాలోకి మారేది, అంతే.

అలా వచ్చినవాళ్ళలోనే పూలక్క కుటుంబం ఒకటి. ఆమె కొండ మెట్ల దగ్గర మూరల పూలు అమ్మేది కాబట్టి అందరికీ పూలక్క. ఆమె భర్త మరమగ్గం పని తెలిసినవాడు, మావాళ్ళే. తాగుడికి పని పోయి, అద్దె ఇల్లు పోయి, ఇద్దరు ఆడపిల్లలతో బస్టాండుకు చేరారు. ఇంకొక్కసారి తాగితే పిల్లలను తీసుకుని ఊత్తుకోటలో అన్న ఇంటికి పోతానని ఆమె వచ్చిన రోజే చెప్పింది. ఆ ఏడు అతను ఆడికృత్తికకని నలభై ఎనిమిది రోజుల మండల దీక్షకు మాల వేసుకున్నాడు. సత్రంలో మాకందరికీ పండగే. చుక్క ముట్టలేదు, పిల్లలకు తల దువ్వేవాడు, పాత మగ్గం షెడ్డువాళ్ళు మళ్ళీ పనిలోకి రమ్మన్నారు. అత్త ఎవరినో పట్టుకుని వాళ్ళకోసం ఒక గది ఇల్లు కూడా చూసింది.

నర్సమ్మ మాత్రం, మాల తీసే రోజు అతన్ని ఒంటరిగా వదలొద్దంది. మా వైపు ఎంతోమంది మాల ఉన్నన్నాళ్ళూ సాములే, తీసిన పూటే సీసా ఎత్తుతారు. ఈ సంగతి నాకు తెలియనిదేమీ కాదు. అయినా, దేవుడి కొండకు పోయే మనిషి వెంట కాపలా పంపిస్తే చిన్నబుచ్చినట్టు కాదా అని అత్తతో వాదించాను. అతను మాల తీసి వస్తే పెట్టే పాయసం పనిలో ఉన్న అత్త సరేనంది. అతను ఒక్కడే కొండెక్కాడు, ఆ రాత్రి తిరిగి రాలేదు. ఆ తప్పు ముమ్మాటికీ నాది. ఇవాళ్టికీ పాయసం గిన్నె చూస్తే నాకు ఆ రోజే గుర్తొస్తుంది.

అతను మర్నాడు మధ్యాహ్నం వచ్చాడు. తాగింది దిగింది గానీ సిగ్గు దిగలేదు. అత్త దగ్గరకు రానక్కర్లేకుండా తానే నుదుటి నిండా విభూది మెత్తుకుని గేటు బయట నిలబడ్డాడు. లోపల పూలక్క అప్పటికే మూట కట్టేసింది.

"సామికిచ్చిన మాట నేను తప్పలే అత్తా" అన్నాడు. "నలభై ఎనిమిది దినాలన్నాను. అన్ని దినాలూ ఉండినాను."

అబద్ధం కాదు. అత్త కొంగుతో అతని నుదురు తుడిచి, తన చేత్తో మళ్ళీ విభూది పెట్టింది.

"సామి గడువు తీరిపోయింది. ఇంగ నాకు మాట ఇయ్యి. మండలం వద్దు. రేపు నేను విభూది పెట్టేదాకా ఉండు, చాలు."

తర్వాత లోపలికి వెళ్ళి, మూట పక్కన కూర్చున్న పూలక్కనూ అదే అడిగింది, ఇంకొక్క రోజు ఉండమని. పూలక్క ఉంది. కానీ మూట విప్పలేదు. పొద్దున కావలసిన బట్టలు తీసుకుని మళ్ళీ ముడేసేది, సాయంత్రం విభూది అయ్యాక దానికే తల ఆనించి పడుకునేది. చూసిన ఇల్లు ఎవరికో పోయింది. అలా ఎన్ని నెలలు జరిగిందో నేను లెక్కపెట్టలేదు. ఒకరోజు వెళ్ళేసరికి ఆ మూట గుడ్డ ఉతికి దండెం మీద ఆరేసి ఉంది. అత్త ఆ పూట నాకు ఇంకొక గరిటె సాంబారు ఎక్కువ పోసింది. ఆ తర్వాత వాళ్ళకు వేరే ఇల్లు దొరికింది. అతను మాత్రం రోజూ సాయంత్రం సత్రానికి వచ్చి విభూది పెట్టించుకున్నాకే ఇంటికి పోయేవాడు. మాల మళ్ళీ వేసుకోలేదు. వేసుకుంటే తీయాలి కదా అనేవాడు.

అత్త పోయి చాలా ఏళ్ళయింది. వాళ్ళిప్పుడు ఆవడిలో పెద్దకూతురి దగ్గర ఉంటున్నారట. స్టేషన్లో నా ముందు నిలబడింది ఆ పూలక్క భర్తే. వంచిన తల ఎత్తకుండానే, "అత్త లేదు గదక్కా, ఈ దినానికి మీరు పెట్టండి" అన్నాడు. చేతిసంచిలోంచి విభూది పొట్లం తీసి నుదుట పెడుతూ, సిగ్గు లేకుండా నేనూ కాస్త దగ్గరకు వంగాను. బంతిపూల వాసనే వచ్చింది. ఆయన నవ్వాడు, నాకు మాత్రం కళ్ళు నిండాయి. దేవుడికిచ్చిన నలభై ఎనిమిది రోజులూ ఎప్పుడో అయిపోయాయి, మా అత్త అడిగిన ఆ ఒక్క రోజు ఇంకా నడుస్తూనే ఉంది.