తాళం వేయని ఛానెల్

మా అబ్బాయి, కోడలు టీవీ విషయంలో మహా కట్టుదిట్టం. భిలాయి సెక్టర్ సెవెన్‌లోని మా క్వార్టర్‌లో హిందీ ఛానెళ్లన్నిటికీ నెంబరు తాళం ఉంది. కొట్టుకునే కార్టూన్లు వద్దు, పెద్దల్ని వెక్కిరించే కార్టూన్లు వద్దు. ఒక్క తెలుగు ఛానెల్‌కి మాత్రం తాళం లేదు. ఆరేళ్ల మా మనవరాలు ఏది అడిగినా హిందీలోనే జవాబు చెబుతుంది. టీవీ చూసైనా నాలుగు తెలుగు ముక్కలు నేర్చుకుంటుందని వాళ్ల ఆశ. తెలుగైతే మంచిదే అయి ఉంటుందని మా భిలాయి తెలుగువాళ్లకి ఒక గుడ్డి నమ్మకం. ఊరి నుంచి ఆవకాయ వస్తే మూత తీయకుండానే మెచ్చుకునే రకం మేము.

మోకాలి వైద్యానికి విజయనగరంలో మా అమ్మాయి దగ్గర కొన్నాళ్లుండి, మొన్న వేసవి చివర తిరిగొచ్చాను. పిల్లకు జలుబుగా ఉందంటే ఆ సాయంత్రం పాలు కాచి, చిటికెడు పసుపు కలిపి గ్లాసు అందించాను. అది వంటింటి గుమ్మంలో నిలబడి నా చేతులే చూస్తోంది. గ్లాసు అందుకోలేదు.

"ముందు మీరు తాగండి మామ్మగారూ," అంది.

స్టీలు ప్లాంటు నుంచి అప్పుడే వచ్చిన అబ్బాయి మురిసిపోయాడు. "చూసేవా అమ్మా, తెలుగెంత బాగా వచ్చీసిందో!"

"పెద్దోళ్లకి ముందు పెట్టాలని మేవెవరం చెప్పలేదత్తయ్యా, దానికదే నేర్చీసుకుంది," అంది కోడలు.

నాకూ కళ్లు చెమర్చాయి. ఒక గుక్క తాగి ఇచ్చాను, అప్పుడు తాగింది. అప్పటినుంచి రోజూ ఇదే వరస. పక్క క్వార్టర్ దీదీకి కూడా గొప్పగా చెప్పుకున్నాను.

ఒకరోజు దాని పక్కన కూర్చుని ఆ ఛానెల్ చూశాను. సీరియల్లో పట్టుచీర కట్టిన అత్తగారొకావిడ కోడలి పాలలో ఏదో పొడి వేసి, చెంచాతో తిప్పుతూ నవ్వుకుంటోంది. పిల్ల టీవీ వదిలేసి నా వైపు తిరిగింది.

"మామ్మా, ఆ ఆంటీలాగ మీరు భీ దూధ్‌లో పౌడర్ ఎందుకు కలుపుతారు?"

ముందు నన్ను తాగమన్నది మర్యాద కాదు, భయం. నా చేతి పాలంటే నా మనవరాలికి భయం. ఇన్నేళ్లలో నా కోడలు కూడా నన్ను అంత మాట అనలేదు. ఆ పట్టుచీర ఆవిడ మీద, మురిసిపోయిన మా ముగ్గురి మీద ఒళ్లు మండింది.

అబ్బాయి రాగానే చెప్పాను. "దానికీ లాక్ పెట్టీస్తాను," అని రిమోట్ అందుకున్నాడు.

"మరి తెలుగెలా వస్తాదండీ?" అంది కోడలు.

"ఏటి, నాను ఇంట్లో లేనా?" అన్నాను. "హిందీ పాడు చేసెస్తాదని భయపడ్డారు గానీ, తెలుగులో ఏటి చెప్తన్నారో ఒక్కరోజైనా దాని పక్కన కూకుని ఇన్నారా?"

ఆ ఛానెల్‌కీ తాళం పడింది. దానివల్ల పిల్ల భయం పోతుందని మాత్రం నాకు అనిపించలేదు.

నాకు నచ్చజెప్పడం చేతకాదు. మర్నాడు పసుపు డబ్బా దాని చేతికే ఇచ్చాను. వాసన చూసింది, నాలుకకి రాసుకుని "ఛీ, కడ్వా" అంది. "చేదు అనాలే," అన్నాను. "చేదు," అంది. పసుపు తనే వేసి, తనే తిప్పింది. గట్టు మీద, నా చీర మీద అంతా పసుపే. రోజూ అలాగే పక్కన నిలబెట్టుకుని పాలు కాచాను. అయినా మొదటి గుక్క నాతోనే తాగించేది. ఆ గుక్క మింగుతుంటే నాకు ఏడుపొచ్చేది.

నిన్న సాయంత్రం అలవాటుగా గ్లాసు కోసం చెయ్యి చాచాను. అది వెనక్కి లాక్కుని గటగటా తాగేసింది.

"నా వాటా ఏదే?" అన్నాను.

మూతి మీద పసుపు మీసంతో, ఖాళీ గ్లాసు బోర్లించి చూపించింది.