ఆముదం బ్రేకు

పోయిన నెల కడపలో మా మేనమామ కొడుకు కొత్త కారు కొన్నాడు. టెంకాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, అందరం భోజనాలకు కూర్చున్నాక తన పాత కథ ఎత్తుకున్నాడు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో వాళ్ళ నాయన, అంటే మా మామ, కారు బ్రేకుల్లో ఒక మేస్త్రీ ఆముదం పోశాడనీ, ఆ కారు బేతంచెర్ల స్టేషను ముందున్న నాపరాళ్ళ దొంతిని గుద్దుకుందనీ. "దీపానికి పోసేది కారుకు పోసినాడప్పా!" అనేసరికి విస్తర్ల ముందు అందరూ పడీ పడీ నవ్వారు. ఇరవై ఏళ్ళుగా ఆ నవ్వులో నా గొంతు కూడా ఉంది. ఆ రోజు మాత్రం "ఆ కథ అబద్ధం. చెడగొట్టింది నేను" అన్నాను. అతను పప్పు కలుపుకుంటూ, "పోనీలే బావా, సచ్చినోళ్ళను ఇప్పుడు లేపేదెందుకు? నెయ్యి పోసుకో" అన్నాడు. నేను పోసుకోలేదు. నోటితో చెబితే నేతితో కప్పేస్తున్నారు గనక కాగితం మీద పెడుతున్నాను. మా వాళ్ళకు కోపం వస్తే రానీ.

మా మామది బేతంచెర్ల పక్క పల్లె. ఆయన నల్ల ఇంగ్లీషు కారు మీద దుమ్ము పడితే మనుషుల మీద కోప్పడేవాడు. నేను కాలేజీ సెలవులకు వెళ్ళిన ఆ ఎండాకాలం కారు బ్రేకు తొక్కితే పెడలు మెల్లగా దిగబడిపోయేది. నేల చెక్క కింద, పెడలు తోసే నూనెను చక్రాలకు పంపే ఇనప గొట్టం ఒకటి ఉంటుంది. దాన్ని మాస్టర్ సిలిండర్ అంటారు. అది కారుతోంది. లోపలి రబ్బరు గిన్నె అరిగిపోయింది. యుద్ధం మూలంగా కొత్తది మద్రాసులో కూడా దొరకలేదు. అప్పుడు పిలిపించాం మేస్త్రీని. పటాలం మోటార్ల దగ్గర పనిచేసి వచ్చిన మనిషి. ఆదివారం తెల్లచొక్కాతో చర్చిలో పాటలెత్తేవాడు, మిగతా ఆరు రోజులూ మోటార్ల కిందే. వాళ్ళ నాయన మా మామ బావులకు నీళ్ళు తోడే తోలు బానలు కుట్టినవాడు.

సిలిండర్ విప్పి, పుల్లకు గుడ్డ చుట్టి లోపల అద్దంలా మెరిసేదాకా రుద్దాడు. గోరువెచ్చని ఆముదంలో తోలుముక్క నానేసి, కొయ్య అచ్చు మీద బిగించి నాలుగు రోజులు ఎండబెట్టి, అంచు కత్తితో కోస్తే చిన్న గిన్నె తయారైంది. దాన్ని బిగించి, ఆముదంలో ఆస్పత్రి స్పిరిటు కలిపి పోస్తుంటే మా మామ గుడ్లురిమాడు.

"ఏమిరా, నా కారుకు కానుపు చేస్తాండావా?"

"రబ్బరుకు ఇదే పథ్యం సామీ. చక్రాల కాడ పాత రబ్బర్లు ఇంకా ఉండాయి. ఇంజనుకు పోసే మోబిలాయిలు తగిలితే ఉబ్బి చస్తాయి. మీ బావిలో బాన యాన్నాడన్నా కారిందా? ఇదీ కారదు."

తర్వాత నన్ను సీట్లో కూర్చోబెట్టి, తను చక్రాల దగ్గర మరలు విప్పి బ్రేకు నూనెలో చిక్కిన గాలి తీశాడు. "తొక్కు చిన్నరెడ్డీ... పట్టు... ఇంక ఇడువు. నిద్రపోతాండావా ఏంది?" పొద్దు వాలేసరికి పెడలు రాయిలా గట్టిపడింది. ఒక్క చుక్క కారలేదు.

అది బాగైన పదో రోజు నా కాలేజీ స్నేహితులు ఇద్దరు మహానంది చూడడానికి వచ్చి మా మామ ఇంట్లో దిగారు. బ్రేకు నూనె మూత తీసి చూపించి గొప్పలు పోతుంటే, ఒకడు ముక్కు మూసుకుని "మంత్రసాని ఇంటి వాసన వస్తోందిరా" అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. వాళ్ళు స్నానానికి వెళ్ళగానే గుడ్డతో ఆముదం తోడేసి, తళతళలాడే డబ్బాలోని మోబిలాయిలు నింపాను. మేస్త్రీ మాట మరిచిపోయి కాదు. సంతకం రానివాడి మాట నాకు చెల్లదనుకుని.

వారం తిరక్కుండానే బ్రేకులు పట్టేసి చక్రాలు కాలడం మొదలైంది. తర్వాత ఉబ్బిన రబ్బర్లు చినిగాయి. స్టేషను దిగుడులో మామ కాలు కింద పెడలు నేలకంటింది. నాపరాళ్ళ దొంతి కూలింది, మామ చెయ్యి విరిగింది.

కబురు పంపకుండానే మేస్త్రీ వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. చేతులు కట్టుకోలేదు. "నేను పోసింది ఇప్పుడు అందులో లేదు సామీ. ఎవురన్నా వేలు పెట్టి వాసన చూడండి. ఆముదమే అయితే ఈ జన్మలో మోటారు ముట్టను."

కట్టు కట్టిన చేత్తో మంచం మీదున్న మామ నా వైపు తిరిగాడు. "నువ్వు చదువుకున్నోడివి. చూసి చెప్పప్పా."

ఎద్దులతో ఈడ్పించి వాకిట్లో పెట్టిన కారు బ్రేకు నూనెలో వేలు ముంచాను. జిగట లేదు, ఆముదం వాసన లేదు. ఊరంతా చూస్తోంది. "ఆముదమే" అన్నాను.

మేస్త్రీ నన్నే చూశాడు. "నీ ముక్కుకు తెలుసు చిన్నరెడ్డీ. నోటికే దమ్ము లేదు" అని వెనక్కి తిరిగి నడిచిపోయాడు. ఆ పొగరుకు కొట్టబోయిన వాళ్ళను నేను ఆపాను. ఆపినందుకు నన్ను మంచివాడన్నారు. మర్నాడు కారుతో వచ్చిన ఇంగ్లీషు పుస్తకం తిరగేస్తే, మోబిలాయిలు లాంటి ఖనిజ నూనె తగిలితే రబ్బరు పాడవుతుందని మేస్త్రీ మాటే అచ్చులో ఉంది. మళ్ళీ అరలో పెట్టేశాను. ఆ ఇంట్లో ఇంగ్లీషు చదివేవాణ్ణి నేనొక్కణ్ణే.

ఆ చుట్టుపక్కల ఆయనకు మళ్ళీ మోటారు పని ఎవరూ ఇవ్వలేదు. నడుం వంగేదాకా గనుల్లో నాపరాళ్ళు మోశాడు.

కొత్త కారు విందు అయిన వారానికి ఆ పల్లెకు వెళ్ళాను. ఆయన పోయి రెండేళ్ళయిందట. బడిలో పాఠాలు చెప్పే ఆయన కూతురు చర్చి గేటు దగ్గర కలిసింది. మొత్తం చెప్పాను. ఆమె నిదానంగా విని, "మాకు చెప్పేదేముండాది సార్? మాకు తెలిసిందే. మీవోళ్ళకు చెప్పండి" అంది.

చెబుతున్నాను. ఆముదం కారును చెడగొట్టలేదు. నేను చెడగొట్టాను. తర్వాత మేస్త్రీని చెడగొట్టాను. ఈసారి ఎవరైనా విస్తరి ముందు ఆ కథ ఎత్తితే, నా దగ్గరున్న తోలు గిన్నె తీసి వాళ్ళ అన్నం పక్కన పెడతాను. కారును పాత ఇనుముకు అమ్మిన రోజు సిలిండర్ విప్పించి తీసి దాచుకున్నది అది. అంచు ఎక్కడా చిరగలేదు. ఎండి రాయిలా ఉన్నదాన్ని మొన్న కొంచెం ఆముదంలో వేశాను. పూట గడిచేసరికి మెత్తబడింది. నాకు ఇరవై ఏళ్ళు పట్టింది.