సాంబ్రాణి పట్టిన కాగితం

నా రాత బాగుండదు. పల్లెలో అయిదో తరగతి దాకా చదివినవాణ్ని, తప్పులుంటే మన్నించి చదువుకోండి. మా మిద్దెమీద సారు పోయిన శుక్రవారం చనిపోయారు. ఆయన కాలేజీవాళ్లు పత్రికలో ఆ కబురు చిన్నగా వేయించారు. అందులో ఆయన మా వీధి గాలిని కొలిచిన సంగతి లేదు. అందుకని నేను రాస్తున్నాను.

తిరుపతిలో బస్టాండు దాటాక ఒక ఆడపిల్లల బడి ఉంది. దాని ఎదురుగా మా సైకిల్ షాపు. వెనక మేముంటాం, మిద్దెమీద సారు, ఆయన భార్య. ఆయన కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేవారు. నాకు మాటలు తక్కువ, ఆయనకూ తక్కువే. పొద్దున పోయేముందు మా షాపు రేకు మీద వేలితో గీసి, ఆ వేలిని చూసుకుని, రుమాలుతో తుడుచుకుని వెళ్లేవారు. షాపు మురికిగా ఉందని ఎత్తిచూపుతున్నారనుకుని, నా భార్య రోజూ ఆ రేకును తడిగుడ్డతో తుడిచేది. ఆ సంగతి తెలిశాక ఆయన నవ్వి, రోజుకు ఎంత మసి పడుతుందో చూస్తున్నానని చెప్పి, దయచేసి తుడవొద్దని బతిమాలారు.

అప్పట్లో ఊరు పెరుగుతూ ఉంది. యాత్రికుల బస్సులు స్టాండులో చోటు దొరక్క బడి గోడ పక్కన నిలబడేవి. బ్యాటరీలు సరిగా ఉండవు, ఆపితే మళ్లీ తోయాల్సి వస్తుందని డ్రైవర్లు ఇంజన్లు ఆపేవాళ్లు కాదు. ఆ పొగంతా బడిలోకే. మా కూతురి బిడ్డ మా దగ్గరుండి ఆ బడిలో ఏడో తరగతి చదివేది. ఆ ఏడు దానికి ఆయాసం పట్టుకుంది. మధ్యాహ్నం డొక్కలు ఎగరేస్తూ ఇంటికొచ్చేది. మా అల్లుడిది పూతలపట్టు దగ్గర పల్లె, అక్కడ అయిదు దాటితే బడి లేదు. అల్లుడు వచ్చి చూసి, దసరా తరవాత కూడా ఇట్లాగే ఉంటే చదువు మాన్పించి తీసుకుపోతానని చెప్పి వెళ్లాడు.

బడి పెద్ద టీచరమ్మతో కలిసి మేమంతా పోయి, బస్సుల్ని వేరే చోట నిలబెట్టించమని మునిసిపాలిటీ ఆఫీసరును అడిగాం. పిల్లల దగ్గు రుజువు కాదన్నాడు. పొగ ఎంతుందో కొలిచి చూపితే, పండగ కాగానే బస్సులవాళ్లను కూడా పిలిచి తేలుస్తానన్నాడు.

సారు కాలేజీ నుంచి ఒక మిషను తెచ్చారు. రేకు గూడు లాంటిది, లోపల మోటారు. అది గాలిని లాగితే అందులోని తెల్ల కాగితం మీద మసి, దుమ్ము పేరుకుంటాయి. కాగితాన్ని ముందూ తరవాతా తూస్తారు. పెరిగిన బరువే మనం పీల్చే మురికి. మిద్దెమీద పెట్టి షాపు నుంచి కరెంటు లాగాం. కరెంటు పోతూ వస్తూ మొదట పెట్టిన కాగితాలు పాడయ్యాయి. చివరి కాగితం పెట్టి, వాళ్ల మామకు బాగాలేదంటే సారు రేణిగుంట వెళ్లారు.

అది ఆయుధపూజ రోజు. షాపులో పంపులు, స్పానర్లు అన్నీ కడిగి బొట్లు పెడతాం. నా భార్య మిద్దెక్కి మిషనుకూ చందనం, కుంకుమ పెట్టింది. మన బిడ్డ కోసం పనిచేసేదానికి పూజ లేకుంటే ఎట్లా అంది. కర్పూరం వెలిగించి, నిప్పుల మీద సాంబ్రాణి వేసి దాని చుట్టూ తిప్పింది. మోటారు ఆ పొగను ఒక్క పోగు వదలకుండా లాక్కుంది. నేను పక్కనే దండం పెట్టుకుని నిలబడ్డాను.

సాయంత్రం సారు వచ్చి కాగితం తీశారు. నల్లగా ఉంది. చూడడానికి వచ్చిన టీచరమ్మ, ఇంక ఎవరూ నోరెత్తరని సంతోషపడింది. సారు కాగితాన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నారు. నా భార్య వైపు తిరిగారు.

"సాంబ్రాణి ఏసినావామ్మా?"

ఏసినానంది ఆమె. సారు కాగితం కింద పెట్టి, ఇది పనికిరాదన్నారు.

వాసన ఎవరు చూడబోతారని టీచరమ్మ వాదించింది. నా భార్య ఏడ్చింది. ఆయన ముందు ఎప్పుడూ నోరెత్తని నేను కూడా అడిగాను. "బిడ్డ సదువు పోతాది సారూ. ఏ పొగైనా పొగే గదా?"

"బస్సుల పొగ అని నేను సంతకం పెట్టాల పెద్దాయనా. ఇందులో వాళ్లది ఎంతో, మన పూజది ఎంతో నాకు తెలీదు. తెలీనిదానికి ఎట్లా పెడతా?"

కాగితాన్ని చించేశారు.

ఆఫీసరు పిలిచిన రోజు సారు ఉత్తి చేతులతో వెళ్లి గడువు అడిగారు. ఆఫీసరు ఇచ్చాడు. కానీ అంతలో దీపావళి వచ్చింది, టపాకాయల పొగ. అది పోయేసరికి వాన పట్టుకుంది. వాన గాలిని కడిగేస్తుంది, ఇప్పుడు కొలిచినా నిజం కాదన్నారు సారు. బస్సులు మాత్రం ఎప్పటిలాగే నిలబడేవి. ఆ వానల్లోనే అల్లుడు వచ్చి బిడ్డను తీసుకుపోయాడు. సారు మెట్ల మీద నిలబడి చూశారు. నేను చాలా దినాలు ఆయనతో మాట్లాడలేదు.

వాన తెరిపిచ్చాక మళ్లీ కొలిచారు. ఈసారి కాగితం బూడిద రంగుకే వచ్చింది. ఇది చాలదనుకున్నాను. విచారణ రోజు నేనూ పోయి వెనక నిలబడ్డాను. బస్సులవాళ్ల మనిషి లేచాడు.

"పండక్కి ఆ మిషనుకు హారతి ఇచ్చినారంట గదా సారూ. అమ్మవారు బరువు పెంచినాదేమో."

అందరూ నవ్వారు.

"ఇచ్చినారు," అన్నారు సారు. "ఆ కాగితం అందుకే చించేసినా. ఇది వానలు పోయినాక తీసింది."

ఆఫీసరు కాగితాన్ని దగ్గరికి లాక్కుని, ఆ పెరిగిన బరువు ఉండొచ్చన్న హద్దుకు ఎన్ని రెట్లో అడిగి చెప్పించుకున్నాడు. ఆ నెలలోనే బస్సులు ఊరి బయట మైదానానికి మారాయి.

సారు నన్ను వెంటబెట్టుకుని మా అల్లుడి ఊరు వచ్చారు. అల్లుడు అంతా విని ఒక్కటే అడిగాడు. "బస్సులు మళ్లీ రావని రాసిస్తావా సారూ?"

రాసిస్తే అప్పుడే పంపేవాడు. ఈ ఒక్కసారికి రాసిస్తానని అనమన్నట్టు నేను సారు వైపు చూశాను.

"అది నా చేతిలో లేదప్పా. నెలనెలా కొలిచి చెప్తా. గాలి చెడితే నేనే బిడ్డను తెచ్చి ఈడ దిగబెడతా."

అల్లుడు లోపలికి తిరిగి, బిడ్డ గుడ్డలు సర్దమన్నాడు.

పోయిన నెల దాకా ఆయన కొలుస్తూనే ఉన్నారు. జబ్బు ముదిరాక మెట్టు మెట్టుకూ కూర్చుంటూ పైకి పోయేవారు. మోయబోతే వద్దనేవారు. మనవరాలు ఇప్పుడు పదో తరగతి, పరీక్షలు దగ్గరికొచ్చాయి. మిషను మీద గోనెపట్ట కప్పి ఉంచాను. దాన్ని నడపడం, తూచడం నాకు రాదు. మీలో ఎవరికైనా ఆ పని తెలిస్తే, ఈ పత్రిక పేరుమీద నాకు ఒక కార్డు ముక్క వేయండి.

సారు లేరని బస్సులవాళ్లకు తెలిసినట్టుంది. ఇది రాస్తుండగానే ఒకటి వచ్చి బడి గోడ పక్కన నిలబడింది. ఇంజను ఆపలేదు. ఎండలో పొగ గోడెక్కి లోపలికి దిగుతోంది. ఆడపిల్లలు ఒక్కొక్క కిటికీ మూసుకుంటూ వస్తున్నారు. నేను లేచి ఆ డ్రైవరుతో మాట్లాడాలి. మీరు త్వరగా జవాబు రాయండి.